చెనక్కాయల మూట మీద కొలత

పావగడలో బండ్ల సీట్లు కుట్టే ఆయన దగ్గర కొలతకు టేపు ఉండేది కాదు, చెనక్కాయల మూట ఉండేది. ఎవరొచ్చినా "ముందు కూసోప్పా" అని దాని మీద కూర్చోబెట్టేవాడు. వాళ్ళు లేచాక, పడిన గుంతను అరచేత్తో తడిమి ఆ ఆకారానికే స్పాంజి కోసేవాడు. సీటు బాగుందని వాళ్ళ నోటితో అనేదాకా ఆ గుంతను చెరిపేవాడు కాదు. అందుకే ఒకసారికి ఒకరి పనే పట్టేవాడు.

తిరుమణిలో మా పొలం సోలార్‌కు లీజుకిచ్చాక మా అన్న ఒక పాత స్పోర్ట్స్ కారు కొని, మొదట అవ్వనే ఎక్కించాడు. సీటు నేలకు జానెడెత్తులో ఉంది. అవ్వను బయటికి లాగడానికి ముగ్గురు కావలసి వచ్చింది.

"ఇది కారు కాదప్పా, బావి. ఇంగ నేనెక్కను" అంది అవ్వ.

అన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. టిఫిన్లు మాత్రం తిన్నాడు.

చివరికి కారును, అవ్వను సీట్లాయన ముందు పెట్టాం. మూట చూడగానే అవ్వ మొహం విప్పారింది. "ఎద్దులబండిలో బతుకంతా దీని మీదనే కదప్పా కూసున్నా!"

వారం తిరిగేసరికి ముందు సీట్లు రెండూ ఎత్తుగా తయారయ్యాయి.

"నాదెందుకు ఎత్తినావు మామా?" అన్నాడు అన్న.

"అవ్వ మిద్దె మీద, నువ్వు కిందనా? మాట్లాడుకునేది ఎట్లప్పా?"

అవ్వ కారులో అన్న పక్కన కూర్చుని సోలార్ ప్యానెళ్ళ దాకా పోయొచ్చింది. సీట్లాయన చేయి అందిస్తే పక్కకు తోసి, తనే దిగింది.

"బాగుండాది" అంది.

ఆయన లోపలికి వెళ్ళి మూటను రెండు దెబ్బలు కొట్టి చదును చేశాడు. అన్న కళ్ళలో నీళ్ళు. దారంతా తల టాపుకు కొట్టుకున్నందుకేనని నా అనుమానం.