పిన్నిగారు అడిగిన దెయ్యం సినిమాలు

తాడేపల్లిగూడెంలో నా సీడీల షాపు మూసేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు టీవీలు బిగిస్తాను. గోడకి స్టాండు కొట్టి, నెట్ కలిపి, రిమోట్ చేతికిచ్చి వచ్చేస్తాను. అయినా జనానికి నేనింకా సీడీల షాపాయన్నే. మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలుస్తారు.

"ఏవండీ, ఇంట్లో చూడ్డానికి బాగా భయపెట్టే సినిమా ఒకటి చెప్పండి."

ఒకప్పుడు ఆ మాట వింటే నాకు హుషారు. ఎవరికి ఏ భయం కావాలో మొహం చూసి చెప్పేవాణ్ణి. కాలేజీ కుర్రాళ్లకి ఉలిక్కిపడేవి, కొత్తగా పెళ్లయినవాళ్లకి పాత బంగళా కథలు, ఒంటరిగా గది తీసుకుని ఉండే లెక్చరర్లకి వేరే గ్రహాలవి. ఇప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి. రోజంతా బైకు మీద తిరుగుడు. ఏదైనా సినిమా పెట్టుకుంటే పేర్లు పడడం పూర్తయ్యేలోపే నిద్రపోతాను. చూడని సినిమాని చూసినట్టు చెప్పడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు.

మూడేళ్ల కిందట ఏలూరు దాటాక, కొల్లేటి వైపు ఒక ఊళ్లో టీవీ బిగించడానికి వెళ్లాను. చేపల చెరువులున్న రైతు ఇల్లు. కొడుకు చెరువు మీదికి పోయాడు, కోడలు వంటింట్లో ఉంది. అరవై దాటిన ఆ ఇంటి పెద్దావిడ కుర్చీ వేసుకుని నా పనే చూస్తూ కూర్చుంది. నేను గోడకి మేకులు కొడుతుంటే తనంతట తనే చెప్పింది. వాళ్లాయన ఆ ముందటి ఏడాది పొద్దున్నే చేపలకి మేత వేయడానికి దోనె మీద వెళ్లాడట. దోనె తిరగబడిందట. అంతే.

పని అయ్యాక అడిగింది. "దెయ్యాల సినిమాలు వస్తాయా బాబూ ఇందులో? తెలుగు మాటలున్నవి."

"ఎందుకండీ పిన్నిగారూ, మంచి కుటుంబ కథలు పెడతాను."

"ఏడుపు సినిమాలైతే అందరూ తెర మానేసి నా మొహం చూస్తారు బాబూ. దెయ్యాల సినిమా అయితే ఎవరి భయం వాళ్లది."

మనుషుల నీడలు ఒక్క క్షణం ఆలస్యంగా కదిలే ఊరి కథ ఒకటి పెట్టి వచ్చాను. అది షాపున్న రోజుల్లో నేను నాలుగుసార్లు చూసిన సినిమా.

అప్పటినుంచి ఆవిడ ప్రతి శనివారం పొద్దున్న ఫోన్ చేసేది. చూసినదాని గురించి ముందు చెప్పి, తర్వాత ఇంకోటి అడిగేది. "ఆ రాకెట్లో పిల్ల తలుపెందుకు తీసింది బాబూ, బుద్ధి లేదా?" అనేది. మొదట్లో నాకూ బాగుండేది. పోనుపోను, ఫోన్ మోగితే జేబులోనే మోగనిచ్చేవాణ్ణి. మళ్లీ చేసేది.

ఒక శనివారం భీమడోలులో డాబా మీద, ఎండలో, డిష్ తిప్పుతున్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు రోజుల ముందు యాప్‌లో పోస్టరు బొమ్మ మాత్రమే చూసిన సినిమా పేరొకటి చెప్పేశాను.

సోమవారం కోడలు ఫోన్ చేసింది. "మీకు తెలుసు కదండీ, మావయ్యగారు ఎలా పోయారో. చెరువులో మనుషుల్ని లాగేసే సినిమా ఎలా చెప్పారండీ? అత్తయ్యగారు నిన్నటినుంచి సరిగ్గా మాట్లాడ్డం లేదు."

శుక్రవారం నమాజు అయ్యాక బయలుదేరి వెళ్లాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. అరుగు మీద ఆవిడని చూడగానే అవన్నీ మర్చిపోయాను.

"రండి బాబూ, కూర్చోండి. కోడలు తిట్టిందా?"

"తిట్టలేదండీ. తప్పు నాదే."

"మొత్తం చూశాను. కోడలు ఆపేస్తానంటే వద్దన్నాను. నీళ్లంటే తెలియనివాడు తీశాడు బాబూ ఆ సినిమా. నీళ్లలో చావు అంత చప్పుడు చేసుకుంటూ రాదు. మీ బాబాయిగారు పోయినప్పుడు గట్టు మీద నలుగురున్నారు. ఒక్కళ్లకీ వినపడలేదు."

"ఆ సినిమా నేను చూడలేదండీ పిన్నిగారూ," అన్నాను. "ఏడాదిగా ఏదీ చూడట్లేదు. బొమ్మ చూసి చెప్పేస్తున్నాను. ఓపిక ఉండట్లేదండీ."

కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ నా మొహం పరీక్షగా చూసి, "అన్నం తిన్నారా?" అంది.

లోపలికి తీసుకెళ్లి, కోడలి చేత పెరుగన్నం కలిపించి పెట్టించింది. కోడలు నాతో మాట్లాడలేదు గానీ ఆవకాయ మాత్రం రెండోసారి వేసింది. తిన్నాక ఆవిడ టీవీ పెట్టింది. మంచు కొండల్లో యంత్రాలు కాపలా కాసే కథేదో. పది నిమిషాలు చూశానేమో. లేచేసరికి ఎండ గుమ్మం దాటి వెళ్లిపోయింది, నా తల కింద దిండు ఉంది, సినిమా ఎప్పుడో అయిపోయింది. ఎవరింట్లోనో అలా నిద్రపోయినందుకు సిగ్గేసింది. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా కథ మొదటినుంచీ చెప్పుకొచ్చింది, ఎక్కడ భయం వేసిందో, ఎక్కడ సాగదీశారో.

"ఇకనుంచి నేనే చూసి చెబుతాను," అంది చివర్లో. "ఎవరైనా అడిగితే నాకు ఫోన్ చేయండి. మీరు పడుకోండి."

నేను నవ్వాను గానీ ఆవిడ నవ్వలేదు. నిజంగానే అలా జరుగుతోంది. ఆవిడ రోజుకొకటి చూస్తుంది, నేను ఆవిడ చెప్పింది జనానికి చెబుతాను. ఇప్పుడు నా మాట మీద జనానికి మళ్లీ గురి కుదిరింది.

పోయిన వారం చింతలపూడిలో ఒకాయన, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే భయం సినిమా కావాలన్నాడు. ఆయన ముందే పిన్నిగారికి ఫోన్ చేశాను.

"వాళ్లింట్లో ఈమధ్య ఎవరైనా పోయారేమో ముందు కనుక్కోండి బాబూ," అంది.

ఆయన్ని అడిగాను.