పరీక్ష రోజు పొద్దున్న పరిగెత్తమన్నాను

ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా ఫోను మోగింది. సరిహద్దు కాపలా దళంలో చేరడానికి వైద్య పరీక్షకని విశాఖపట్నం వెళ్ళిన నా పాత విద్యార్థిని. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"మేడమ్, నన్ను తీసేసినారు. మూత్రంలో ప్రోటీన్ ఉందంట. అమ్మకి ఏటని సెప్పమంటారు?"

తాగే నీళ్ళవల్లో మరెందువల్లో ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఆ మాట ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు. ఆ పిల్ల తండ్రి వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటూ రెండేళ్ళ కిందట పోయాడు. తల్లి పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళుతుంది. ఉన్నది ఒక్కతే కూతురు.

"అమ్మకి నేను వెళ్ళి చెబుతాను. నువ్వు రైలెక్కు," అన్నాను. తరగతిలోకి తిరిగి వెళ్ళాను గాని, చాలాసేపు ఏ పేజీలో ఆపానో తెలియలేదు.

ఆ పిల్లను అటు పంపించింది నేనే. మాదీ సుమ్మాదేవి దగ్గర రైతు కుటుంబమే. ఇసుక నేలలో కొబ్బరి మొక్కలకు కావిడితో నీళ్ళు మోస్తూ పెరిగాను. సరిహద్దు కాపలా దళంలో ఉద్యోగం వచ్చినప్పుడు మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తింటూ, "తుపాకీ ఎంత బరువుంటాదే?" అని అడిగాడు.

"నాలుగు కేజీలుంటుందంట నాన్నా."

"అయితే కావిడి కన్నా తేలికే," అని చెయ్యి కడుక్కుని తోటలోకి పోయాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

పదేళ్ళు కంచె వెంట కాపలా కాశాను. చెయ్యి చాపితే వేళ్ళు కనబడని పొగమంచులో, ఎదురుగా కదిలింది ఆవో మనిషో తేలక నిలబడ్డ ఉదయాలున్నాయి. మోకాలు దెబ్బతిన్నాక ఉద్యోగం వదిలి, బీఈడీ చదివి, మా ఊరికి దగ్గర్లోనే సాంఘికశాస్త్రం టీచరునయ్యాను. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా నా యూనిఫాం ఫొటో చూసి, "నాను కూడా ఎల్తాను మేడమ్," అంది. ఇంటర్ అయ్యాక ఏడాది పాటు రోజూ తెల్లవారి సముద్రం ఒడ్డున ఇసుకలో పరిగెత్తించాను.

ఆ సాయంత్రం తల్లి పనినుంచి వచ్చేసరికి వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఉన్నాను. చెప్పాను. ఆవిడ ఏడవలేదు. ఒలుపు పనికి నల్లబడిన వేళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

"మా ఆయనకి కూడా మొదట ఇదే మాట సెప్పినారు," అంది.

పలాస ఆస్పత్రికి వెళదామన్నాను. "అక్కడికి నాను రాను టీచరమ్మా. ఆ మెట్లు ఎక్కలేను," అంది. అందుకని మర్నాడు ముగ్గురం టెక్కలి బస్సెక్కాం.

డాక్టరు కాగితాలు చూసి, "పరీక్షకు ముందు పరిగెత్తావా అమ్మా?" అని అడిగాడు.

పిల్ల నా వైపు చూసింది. పరీక్ష రోజు పొద్దున్న కాసేపు పరిగెత్తు, భయం పోతుంది అని చెప్పింది నేను. నేనలాగే చేసేదాన్ని.

"మూడు కిలోమీటర్లు. నీళ్ళు కూడా ఎక్కువ తాగలేదు," అంది.

"గట్టిగా పరిగెత్తాక ఒక్కోసారి ఇలా కనబడుతుంది. నాలుగు రోజులు పరుగు ఆపండి, మళ్ళీ చూద్దాం. అప్పుడూ ఉంటే వేరే సంగతి."

లేవబోతుంటే తల్లి నా మోచెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, మీరూ మన ఉద్దానం నీళ్ళే తాగి పెరిగినారు కదా. మీరెప్పుడైనా సూపించుకున్నారా?"

లేదు. తిరిగొచ్చి ఆరేళ్ళయినా, బళ్ళో రక్తపరీక్షల శిబిరం పెట్టిన ప్రతిసారీ పిల్లల్ని వరసలో నిలబెట్టే పని పెట్టుకుని తప్పించుకున్నాను. ఆవిడ ముందు అబద్ధం చెప్పలేక చెయ్యి చాపి రక్తం ఇచ్చాను.

ఆ నాలుగు రోజులు భయంతోనే గడిపాను. నాకోసమా, పిల్లకోసమా అంటే విడదీసి చెప్పలేను. నా మాట విని పరిగెత్తినందువల్లే అయితే తప్పు నాది. కాకపోతే, ఆ పిల్లకు జబ్బు. తప్పు నాదే కావాలని కోరుకున్నాను.

అయిదో రోజు పిల్ల రిపోర్టు శుభ్రంగా వచ్చింది. తల్లి ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. నా రిపోర్టు గురించి మాత్రం డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఉండవలసిన దానికన్నా కాస్త ఎక్కువగా ఉంది, జబ్బని ఇప్పుడే అనలేం, నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు, మానెయ్యండి, మూడు నెలలకోసారి చూపించుకోండి అన్నాడు. మోకాలి కోసం ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంటున్నాను.

మరోసారి వైద్య పరీక్షకు పెట్టుకున్న దరఖాస్తు మంజూరై, పిల్ల అందులో నెగ్గింది. శిక్షణకు బయలుదేరిన రోజు రైలు కదిలాక తల్లి నాతో, "మీరెల్లినారు, తిరిగొచ్చినారు. అది రాకపోతే నాను మీ గుమ్మంలోకే వత్తాను," అంది. కోపంగా అనలేదు. ఇద్దరం కలిసే స్టేషను బయటికి వచ్చాం.

మూడు నెలలయ్యాక నేను టెక్కలి వెళ్ళే రోజు ఆవిడ పని మానుకుని బస్టాండుకి వచ్చింది. ఎందుకొచ్చావంటే, "ఒక్కరూ కూకుంటే బయం ఎక్కువవుద్ది," అని నా పక్క సీట్లో కూర్చుంది. అంకె పెరగలేదు, తగ్గలేదు. మళ్ళీ మూడు నెలలకు రమ్మన్నారు. ఆ తేదీ ఆవిడే అడిగి గుర్తుపెట్టుకుంది.