ఉల్లి ఘాటులో తెలియని గ్యాస్ వాసన

అది 2006. తాడేపల్లిగూడెంలో మావారికి ఉల్లిపాయల వ్యాపారం. మిగిలిన సరుకు పాడవకుండా పొడి చేద్దామని, ఉల్లి ముక్కలను ఎండబెట్టే కరెంటు మెషిన్ కొన్నారు. దుమ్ము పడకుండా తలుపులు, కిటికీలు మూసేసి నేనూ అత్తయ్యగారూ పొద్దున్నుంచీ ట్రేలు మారుస్తున్నాం. ఇల్లంతా ఒకటే ఘాటు.

పక్కింటి సత్యవతిగారు వచ్చి, "ఏవండీ, గ్యాస్ వాసన వస్తోందండీ" అన్నారు.

"ఉల్లిపాయలండీ" అని నవ్వేశాను.

ఆవిడకు టీ పెడదామని అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్లి అగ్గిపుల్ల గీశారు. గది భగ్గుమంది. నేను పరిగెత్తేసరికి అత్తయ్యగారి చీర మండిపోతోంది. నేనూ సత్యవతిగారూ దుప్పటి కప్పి ఆర్పాం.

ఏలూరు ఆసుపత్రిలో పోలీసులు నన్ను అనుమానంగా చూస్తూ ఆవిడ వాంగ్మూలం తీసుకున్నారు.

"మా కోడలి తప్పేం లేదండీ. పాలు పొంగి మంట ఆరిపోతే స్టవ్ కట్టెయ్యడం నేనే మరిచిపోయానండీ" అన్నారు అత్తయ్యగారు. మూడో రోజు పోయారు.

ఆ పొద్దున్న పాలు కాచింది నేను. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఇన్నేళ్లయినా మావారికి చెప్పే ధైర్యం రాలేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెప్పుకుంటున్నాను.