గంప కింద పార్సిల్

అల్వాల్ దాటాక తోటలో మా ఇల్లు. పగలంతా సికింద్రాబాద్‌లో ఉద్యోగాలు కాబట్టి, మా పార్సిళ్లన్నీ గేటు పక్క గదిలో ఉండే కాపలా అవ్వే తీసుకునేది. ఆమె రాకముందు, గేటు మీంచి విసిరేసిపోయినవాటిని కోతులు చింపేవి. అవ్వ ప్రతి పార్సిల్‌నూ కోళ్ల గంప కింద దాచి, పైన రాయి పెట్టేది. పక్కనే ఆమె పిల్లలకోడి తిరిగేది. దాన్ని దాటి గంప మీద చెయ్యి వేసే ధైర్యం మాకే లేదు.

సాయంత్రం మేం కారు దిగగానే పార్సిల్ చేతికిచ్చి, "ఏమొచ్చింది సారూ?" అని అక్కడే నిలబడేది. విప్పి చూపిస్తే గానీ కదిలేది కాదు. మిక్సీ జార్ అయినా, చెప్పులైనా తనకే వచ్చినంత సంబరం.

ఆ సంబరం చూసే, ఒక చలికాలం మా ఆవిడ అవ్వ పేరు మీదే శాలువా తెప్పించింది. అందినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అవ్వ మాత్రం ఆ మాటే ఎత్తలేదు. కొన్నాళ్లు చూసి నేనే అడిగాను.

"గంప కింద పైలంగనే ఉన్నది సారూ. ఎవల్దో, తీస్కపోను ఇంక రాలే," అంది.

"అది నీదే అవ్వా! తెచ్చినాయన నీ పేరు చదవలేదా?"

"సదివిండు. గదే పేరు ఇంకెవలికన్న ఉన్నదేమో అనుకున్న. నాకెవలు పంపుతరు?"

పార్సిల్ తీసి ఆమె చేతుల్లో పెట్టాను. ఈసారి నేనడిగాను: "ఏమొచ్చింది అవ్వా?"

అవ్వ విప్పలేదు. పెట్టె మీది దుమ్మును కొంగుతో మెల్లగా తుడిచింది.

"జెర ఉండనియ్యి సారూ. విప్పితే ఒడిసిపోతది."