పటిక నీళ్లలో కరిగిన ట్యాపు

మా చెల్లెలి రైఫిల్‌లో ట్యాపు విరిగింది నా చేతుల్లోనే. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. మా ఇంట్లో ఈ సంగతిని ఎవరు చెప్పినా ఇక్కడి నుంచే మొదలుపెడతారు, అదీ నేను వింటున్నప్పుడే.

రైఫిల్ అంటే గాలి ఒత్తిడితో పేలేది. పది మీటర్ల దూరంలోని కాగితపు గురిని కొట్టడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. అది చెల్లెలి సొంతం కూడా కాదు, ఆమె సాధన చేసే క్లబ్బుది. ఆ ఆదివారం విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక పోటీ. ముగ్గురినే తీసుకుంటారు. చెల్లెలిది డిగ్రీ చివరి సంవత్సరం కనుక ఇది తప్పితే మరో అవకాశం లేదు. సరిగ్గా శుక్రవారం మధ్యాహ్నం, రైఫిల్ వెనుక సైట్ ఊగడం మొదలుపెట్టింది. కన్ను ఆనించి గురి చూసే చిన్న చక్రమే సైట్. రైఫిల్‌లో గొట్టమూ ట్రిగ్గరూ కలిసే నడిమి భాగాన్ని రిసీవర్ అంటారు. సైట్‌ను ఆ రిసీవర్‌కు పట్టి ఉంచే స్క్రూ రంధ్రంలో మరలు, అంటే స్క్రూను పట్టుకునే మెలి గాడులు, అరిగిపోయాయి. వేరే రైఫిల్ అడిగితే బాగున్నది ఒక్కటీ ఖాళీ లేదన్నారు కోచ్. "మీ బాపు ఫిట్టర్ గదా, చూపియ్యి" అని దాన్ని ఇంటికి పంపారు.

మా నాన్న ప్రభుత్వ రంగ కర్మాగారంలో ముప్పై ఏళ్లుగా ఫిట్టర్. ఛత్రినాకలోని మా రెండు గదుల ఇంట్లో నా వక్తృత్వపు కప్పులకు అటక మీద చోటు దొరికింది. ఆయన పనిముట్ల పెట్టెకు మాత్రం దేవుడి అల్మారా పక్కనే చోటుంది. ఆయన రంధ్రాన్ని చూసి తీర్పు చెప్పారు: దాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మరలు కోసి, లావు స్క్రూ పెడితే సరిపోతుంది. పెద్దది చేసే పని గల్లీ చివరి వెల్డింగ్ షాపులో అయిపోయింది. ఇక మరలు కోయాలి. అందుకు వాడే సన్నని ఉక్కు పనిముట్టే ట్యాపు. దాన్ని పిడికి బిగించి రంధ్రంలోకి తిప్పుతారు. అయితే నాన్నకు కంటి ఆపరేషన్ జరిగి వారమే అయింది, వంగి బలం పెట్టకూడదు. పోటీకి ముందు చెల్లెలి చేతులు అలసిపోవడానికి వీల్లేదు. అందుచేత పిడి నా చేతికి వచ్చింది.

"సగం చుట్టు ముందుకు, పావు చుట్టు ఎనుకకు. మల్ల సగం ముందుకు. గంతే" అన్నారు నాన్న.

"ఎనుకకు ఎందుకు బాపూ?"

"తిప్పు బిడ్డా."

"కారణం చెప్తే తిప్పుత."

"ముప్పై ఏండ్ల సర్వీసుల నన్ను ఎవ్వడు గిట్ల అడగలే."

"అడగకపోవుడే తప్పు బాపూ."

కారణం చెప్పని నియమానికి తల వంచరాదన్నది కళాశాల చర్చా వేదికలు నాకు నేర్పిన మొదటి పాఠం. అయినా పెద్దరికాన్ని గౌరవించి నాలుగు చుట్లు ఆయన చెప్పినట్టే తిప్పాను. ట్యాపు సాఫీగానే దిగుతోంది. వెనక్కి తిప్పడం వల్ల ఒరిగేదేమిటో తేల్చుకుందామని, ఆ పావు చుట్టును మానేసి ముందుకే తిప్పుతూ పోయాను. ప్రయోగ ఫలితం వెంటనే వెలువడింది. పంటి కింద వేయించిన పల్లి విరిగినంత చిన్న చప్పుడు. పిడి నా చేతిలో ఉంది, సగం ట్యాపు రంధ్రంలో ఉంది.

నాన్న తిట్టలేదు. అంతకంటే కష్టమైన పని చేశారు, కారణం చెప్పారు. "కోసిన తుక్కు లోపట ఇరుక్కుంటది. ఎనుకకు తిప్పితే తెగి రాలుతది. లేకుంటే గిట్ల పట్టేసి ఇరుగుతది. గిప్పుడు సమజైందా?"

"ఆయుధాలు వద్దని వాదించి కప్పు తెచ్చినవ్ గదా అక్కా," అంది చెల్లెలు. "మొత్తానికి ఒకటి తగ్గించినవ్."

నవ్వుతూనే అంది గాని, ఆ పూట పళ్లెంలో సగం అన్నం వదిలేసింది.

శనివారం పొద్దున్నే నాన్నా నేనూ కిషన్‌బాగ్‌లో ఆయనకు తెలిసిన లేత్ షాపుకు వెళ్లాం. చెల్లెలు ఇంట్లో గోడ మీద చుక్క పెట్టి, రైఫిల్ బరువుకు దగ్గరగా ఉందని రోకలి ఎత్తి పట్టుకొని గురి సాధన చేస్తోంది. లేత్ షాపు యజమాని రంధ్రంలోకి టార్చి వేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ట్యాపు మస్తు గట్టిది అన్నా. నా డ్రిల్లు దాని మీద జారి, పక్కకున్న మెత్తటి అల్యూమినియంను తింటది. రంధ్రం బాయి అయితది. నువ్వు ఫలక్‌నుమా స్టేషన్ తొవ్వల ఉన్న గడియారాల చాచా దగ్గరికి పో."

"రైఫిల్‌తోని గడియారాలాయనకేం పని?" అన్నారు నాన్న. అయినా ఆటోను ఆపారు.

చాచా దుకాణం నిలువుటద్దాల బీరువా అంత ఉంటుంది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని రైఫిల్‌ను అటూ ఇటూ తిప్పి రిసీవర్ రంధ్రం చూశారు. "ఇరిగింది ఉక్కు, ఒళ్లు అల్యూమినియం. బస్, ఫిట్కరీతోని అయిపోతది."

ఫిట్కరీ అంటే పటిక, మంగలి గడ్డం గీసి చివర్లో చెంపకు రుద్దేది. గడియారపు ఇత్తడి పలకలో ఉక్కు స్క్రూ విరిగితే వీళ్లు పలకను వేడి పటిక నీళ్లలో వేసి ఉంచుతారట. ఉక్కు కరిగిపోతుంది, ఇత్తడి మిగులుతుంది. అల్యూమినియం కూడా అంతే.

"పటికతోని ఉక్కు కరుగుతదా? నా సర్వీసుల వినలే," అన్నారు నాన్న.

"మీ ఫ్యాక్టరీ గడియారం ఆగితే మీరే బాగుచేస్తుండిరా సాబ్?"

చాచా పెట్టిన షరతు ఒక్కటే: నీళ్లలోకి దిగే భాగంలో ఆ ట్యాపు ముక్క తప్ప మరో ఉక్కు రేణువు ఉండకూడదు. నాన్న గొట్టం, ట్రిగ్గరు, స్ప్రింగులు, పిన్నులు ఒక్కొక్కటే విప్పి పాత పేపరు మీద వరుసగా పేర్చారు. ఆ వరుసను చాచా మెచ్చుకోలుగా చూడటంతో నాన్న ముఖం కొంత తేటపడింది.

డబ్బాలోని పటిక చాలలేదు. చాచా స్టూలెక్కి, దుకాణం గుమ్మానికి నల్లదారంతో వేలాడుతున్న పటిక గడ్డను కోసి తెచ్చారు.

"చాచా, అది దిష్టికి కట్టింది గదా. తీస్తే ఎట్ల?"

"దిష్టిని నువ్వు నమ్ముతవా బేటీ?"

"నమ్మను."

"మరి నీకేం ఫికర్?"

కళాశాలలో నన్ను ఇంత తక్కువ మాటలతో ఎవరూ ఓడించలేదు.

రిసీవర్‌ను పింగాణీ జాడీలో నిలబెట్టి, పటిక నీళ్లు పోసి, జాడీని కరెంటు పొయ్యి మీది వేడినీళ్ల గిన్నెలో ఉంచారు. కొంతసేపటికి రంధ్రంలోంచి సన్నని బుడగలు దారంలా పైకి లేచాయి. ఉక్కును తినే నీళ్లు అల్యూమినియాన్ని ఎందుకు వదిలేస్తాయని అడిగాను. "మా అబ్బా చెప్పలే, నేను అడగలే," అన్నారు చాచా. నేను ఊరుకుంటానా! ఫోన్‌లో వెతికి చదివాను: పటిక నీళ్లకు కొద్దిగా ఆమ్ల గుణం ఉంది, అల్యూమినియం పైన సహజంగా ఏర్పడే పలుచని పొర దాన్ని కాపాడుతుంది, ఉక్కుకు అటువంటి రక్షణ లేదు.

చాచా శ్రద్ధగా విన్నారు. "మంచిది బేటీ. జర జాడీ దగ్గర నిలబడి ఆ ట్యాపుకు గూడ చదివి వినిపియ్యి. జల్దీ కరుగుతది."

ఆ రోజు నాన్న మొదటిసారి నవ్వారు. ఆ క్షణం నుంచి పెద్దలిద్దరూ ఒకే పక్షం. మూడు విడతల చాయ్ తాగుతూ నా చిన్ననాటి ప్రశ్నలన్నీ నాన్న చెప్పడం, చాచా తొడ చరుచుకొని నవ్వడం. మధ్యలో చెల్లెలు గంటకోసారి ఫోన్ చేసి "కరిగిందా?" అని మాత్రమే అడిగి పెట్టేసేది. మూడోసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. నేను జాడీ పక్కనుంచి కదలలేకపోయాను.

పొద్దు వాలే వేళకు చాచా రిసీవర్‌ను బయటికి తీసి సూదితో రంధ్రాన్ని కదిపారు. నల్లటి బురద వచ్చింది. దాని వెనక గోరంత ఉక్కు ముక్క పట్టకారు కొసకు చిక్కి బయటపడింది. లోపలి మరలు చెక్కుచెదరలేదు. రంధ్రం చుట్టూ రిసీవర్ నల్ల పూత మాత్రం ఉంగరమంత మేర వెలిసిపోయింది. కోయాల్సిన మరలు ఇంకా కొన్ని మిగిలాయి. నేను చెయ్యి చాచాను. నాన్న కొత్త ట్యాపు బిగించిన పిడిని నా చేతి మీదుగా చాచాకు అందించారు.

ఆదివారం పోటీకి ముందు కోచ్ అందరి రైఫిళ్లూ పరిశీలించారు. నాన్న రాత్రే కొత్త స్క్రూతో బిగించిన మా రైఫిల్ రాగానే ఆ వెలిసిన ఉంగరం మీద వేలు పెట్టి "ఏందిది?" అన్నారు. చెల్లెలు నా వైపు చూసింది. క్లబ్బు వస్తువును పాడు చేశారని ఆమెను పక్కన పెడతారేమో అనిపించింది. అయినా అబద్ధం ఆడటం కుదరదు గనుక ముందుకు వచ్చాను.

"ట్యాపు విరగ్గొట్టింది నేను సార్. ఒకటి, పద్ధతి తెలిసీ పాటించలేదు. రెండు, ఇందులో మా చెల్లెకు సంబంధం లేదు. మూడు..."

"ఆగమ్మా. ఇరగ్గొట్టింది ఎవరని నేను అడిగిన్నా? తీసింది ఎవరు? స్టోర్ రూంల ఇంకో రెండు గిట్లనే పడి ఉన్నయ్."

నేను చాచా దుకాణానికి దారి చెప్పి, మిగిలిపోయిన మూడో పాయింట్ అందుకున్నాను. చెల్లెలు వెళ్లి తన వరుసలో నిలబడింది. మొదటి పది షాట్లు అటూ ఇటూ పోయాయి. తర్వాత ఆమె సైట్‌ను కొద్దికొద్దిగా సర్దుకుంటూ గురి నడుమకు వచ్చింది. సాయంత్రం గోడకు అంటించిన జాబితాలో మూడో పేరు ఆమెదే.

గేటు దాటాక చెల్లెలు అంది: "ఆ మొదటి పది ఎందుకు పక్కకు పోయినయో ఎరికేనా? నేను గన్ను భుజానికి పెట్టినంక గూడ ఎనుక నుంచి నీ మూడో పాయింట్ ఇనొస్తనే ఉండె."

ఆ తర్వాత ఛత్రినాకలో బస్సు దిగేదాకా రైఫిల్ పెట్టె నా చేతనే మోయించింది.