ఎండ్రకాయ డొప్పలోని పచ్చకొవ్వు

ఎండ్రకాయల కూర ఉడికాక మా అమ్మ చేసే మొదటి పని, డొప్ప లోపలి పచ్చటి కొవ్వును చెంచాతో గీకి విడిగా తీయడం. ఇంట్లో ఎవరి మీద ప్రేమ ఎక్కువుంటే వాళ్ల పళ్లెంలోకి అది పోతుంది. ఆ పళ్లెం ఎన్నడూ నాది కాలేదు. ఏడో నెల కడుపుతో చెల్లె మట్టెవాడలోని మా ఇంటికి వచ్చాక అడగడం కూడా మానేశాను. ముప్పై దాటినా కుళ్లు మాత్రం పోలేదు.

నేను వరంగల్‌లోనే ఒక ల్యాబులో పనిచేస్తాను. మురికి కాలువ కలిసే చెరువు నుంచి ఎండ్రకాయలు తెచ్చి, వాటిలో సీసం, క్యాడ్మియం లాంటి లోహాలు ఎంత ఉన్నాయో చూడటం ఆ ఏడాది నా పని. చెరువు కట్ట మీద ఒక ముసలమ్మ దగ్గర కొనేదాన్ని. పరీక్షకు పది చాలు. మిగిలినవి పారేయడానికి మనసొప్పక సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. విషం ఉందేమోనని పరీక్షిస్తున్నదాన్నే ఇంట్లో వండించాను, అంత తెలివి నాది. చెల్లెకు జలుబు చేసిందని అమ్మ మిరియాలు దంచి పులుసు పెట్టేది. అట్లా నెల రోజులు సాగింది.

ల్యాబులో కండ వేరు, డొప్ప వేరు, పచ్చకొవ్వు వేరు చేస్తాం. అది నిజానికి కొవ్వు కాదు, ఎండ్రకాయకు కాలేయం లాంటిది. ఒంట్లోకి చేరిన లోహాలు ఎక్కువగా అక్కడే పోగవుతాయి. చదువుకుని కూడా వంటింట్లో ఒక్కసారీ నాకది గుర్తురాలేదు.

ఫలితాలు వచ్చిన రోజు, కండలో క్యాడ్మియం కొద్దిగానే కనిపించింది. పచ్చకొవ్వు అంకె చూసి యంత్రం చెడిందనుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. ఆ పూట కూడా ఇంట్లో ఎండ్రకాయలే, ముందురోజు తెచ్చింది నేనే. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆటో ఎక్కి, జర జల్దీ పొమ్మని దారి పొడుగునా డ్రైవర్‌ను సతాయించాను.

చెల్లె గోడకు ఆనుకుని తింటోంది. పళ్లెం లాక్కున్నాను. అంచున పచ్చగా కాస్తే మిగిలింది. కడుపుతో ఉన్నదాని ముందు నుంచి కంచం గుంజుతావా, ఇంకా ఆ కుళ్లేనా అని అమ్మ తిట్టింది. నిలబడే అంతా చెప్పాను. అమ్మ చేతిలో గరిట అట్లాగే ఉండిపోయింది.

“నువ్వే తెచ్చినవ్ గద బిడ్డా,” అన్నది.

తిట్టినట్టు అనలేదు. తిడితే బాగుండేది.

చెల్లె ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నా వైపు చూసింది.

“అక్కా, తిన్నదాన్ని ఇప్పుడెట్ల తీస్తరు?”

లోహాన్ని బయటికి తీయడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఆ కండనూ కొవ్వునూ యాసిడ్‌లో ఆనవాలు లేకుండా కరిగించడం. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. లే, దవాఖానకు పోదాం అని మాత్రం అన్నాను.