కొంగుకు అంటిన ఖనిజం

కొత్త ఖనిజం కనిపెట్టడమంటే కొండలు, సుత్తి, చెమట అనుకుంటారు. వాటిలో చెమట ఒక్కటే నిజం. వారాసిగూడలో పెరిగిన నేను కొండెక్కింది ఒక్కసారే, అదీ ఫోనుకు సిగ్నల్ లేదని గొణుక్కుంటూ.

వికారాబాద్ దాటాక ఒక క్వారీలో కూలీలు పగలగొట్టిన నల్లరాయి లోపల గోలీ పట్టేంత గుంట. ఎప్పుడో లావా చల్లారినప్పుడు మిగిలిన గాలిబుడగ అది. తర్వాత పగుళ్లలో వేడినీళ్లు పారి, రాయిని కొంచెం కొంచెంగా కరిగించి, ఆ బుడగల్లో వేరే ఖనిజాలను పేరబెట్టాయి. మామూలుగా తెల్లవి దొరుకుతాయి. ఈ గుంటలో మాత్రం పసిపిల్ల నూగులాంటి లేత ఆకుపచ్చ పోగులు.

తార్నాకలో ఒక ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే, ఆ పోగుల రసాయన కూర్పు తెలిసిన ఏ ఖనిజంతోనూ కలవలేదు. నా పీహెచ్‌డీ గైడ్ మేడమ్‌ది గుంటూరు వైపు. గంజి పెట్టిన నేత చీర లేకుండా క్యాంపస్‌లో కనిపించరు. కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇప్పుడే ఎగరకు. ఎక్స్-రేలో లోపలి అమరిక కూడా కొత్తదని తేలాలి. దానికి చిటికెడు పోగులు నూరి పెట్టాలి. వేరే నలుసు ఉండకూడదు."

"చిటికెడు యాడికెళ్లి తేవాలె మేడమ్? గుంటల ఉన్నదే గింత!"

"సూదితో ఏరు. ఇంకో రాయి దొరకదు, అక్కడంతా కంకర కొట్టేశారు. ఇవి పోతే మన ఖనిజం పోయినట్టే."

అలా మొదలైంది ఏరుడు. మైక్రోస్కోపు కింద ఒక్కో పోగును సూదిమొనతో లేపి గాజుపలక మీద పెట్టాలి. తుమ్మితే పోతుంది. ఫ్యాను వేస్తే ఇక చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో మన ఊళ్లో మనిషి గదిలోకి రాగానే ముందు చెయ్యి స్విచ్చుబోర్డు మీదికి పోతుంది, ఆ తర్వాతే పలకరింపు. ఫ్యాను ముట్టొద్దని తలుపుకు రాసి అంటించాను. అయినా రోజూ ఎవరితోనో కొట్లాటే.

"గీ ఉడుకుల ఎట్ల బతుకుతున్నవ్ చెల్లే? ఇడ్లీ పాత్రల కూసున్నట్టున్నది," అన్నాడు పక్క ల్యాబ్‌లోని సీనియర్ అన్న.

"స్విచ్చు ముట్టినవనుకో అన్నా, సూదితోటి పొడుస్త."

కుప్ప చిటికెడుకు దగ్గరపడిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. నాకేం, ఫోన్ టార్చి ఉంది. ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో సూది. మేడమ్ వచ్చి నా భుజం మీదుగా వంగి చూసి "భేష్" అన్నారు. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరిగింది.

కళ్లముందే కుప్ప లేచిపోయింది.

"ఎవడ్రా స్విచ్చేసింది!" వరండా అదిరిపోయేలా అరిచాను. అన్న పరుగెత్తుకొచ్చి ఫ్యాను ఆపాడు.

"నాకేం తెల్వది చెల్లే, నేను గాడ్నే ఉన్న!"

"నువ్వు గాక ఇంకెవడున్నడు?"

"నేనేనమ్మా," అన్నారు మేడమ్ మెల్లగా. "వస్తూ వస్తూ నొక్కాను. తిరగలేదు. మళ్లీ ఆపడం మర్చిపోయాను."

గైడును తిట్టే పద్ధతి ఇంకా ఏ యూనివర్సిటీలోనూ రాలేదు.

టార్చి వేసి బల్లమీద వెతికాను, నేలమీద వెతికాను. ఏమీ లేదు. మేడమ్ పక్కకు జరగబోయారు. వెలుగు ఆమె కొంగు మీద పడింది. గంజి మడతల్లో ఆకుపచ్చ మెరుపు.

"మేడమ్, కదలకుండ్రి! ఊపిరి గూడ మెల్లగ!"

కొంగును అలాగే తీసుకెళ్లి, ఖనిజాలను ప్రత్యేక కాంతిలో మెరిపించి చూపే ఇంకో మైక్రోస్కోపు కింద పరిచాను. చిక్కేమిటంటే అక్కడ నూలు పోగులూ మెరుస్తాయి. తేడా తెలియాలంటే తిప్పి చూడాలి. తిప్పుతుంటే ఖనిజం పోగు మెరుపు ఒకచోట టక్కున ఆరిపోతుంది. నూలు పోగు పూర్తిగా ఆరదు. తిప్పాలంటే కొంగు తిరగాలి. కొంగు తిరగాలంటే మేడమ్ తిరగాలి.

"కొంచెం ఎడమకు నడువుండ్రి మేడమ్. ఆ, ఆగుండ్రి. ఇది మనదే. ఇంకొంచెం."

మేడమ్ వంగిన నడుముతో బల్ల చుట్టూ నడుస్తున్నారు. అన్న గుమ్మంలోంచి అడిగాడు:

"మేడమ్, కొబ్బరికాయ తెమ్మంటరా?"

"నోర్మూసుకుని ఆ స్విచ్చు దగ్గర నిలబడు!"

ఇంతలో ఆమె ఫోను మోగింది. "సార్, మీటింగుకి రాలేను. ప్రదక్షిణలో ఉన్నాను," అని పెట్టేశారు.

చాలావరకు దొరికాయి. నూరకుండానే ఒకసారి ఎక్స్-రేకు పెట్టి చూద్దామన్నారు మేడమ్. కంప్యూటర్ తెర మీద వచ్చిన గీతలు ఏ పాత ఖనిజంతోనూ కలవలేదు. కానీ వాటి మధ్య ఒక మొద్దు దిబ్బ లేచింది. అంటే వేరేదేదో కలిసిందన్నమాట. మేడమ్ తెరకు ముఖం ఆనించి చూసి నవ్వారు.

"నూలమ్మా. నా మంగళగిరి చీర. మళ్లీ ఏరాలి."

"ఏరుత. కానీ మీరు రాకుండ్రి మేడమ్. వీడియో కాల్‌ల చూయిస్త."

ఆమె తన గదిలో, నేను ఉడుకులో. నూలంతా ఏరేసి మళ్లీ ఎక్స్-రేకు పెట్టిన రోజు కూడా ఆమెను ఫోనులోనే ఉంచాను. దిబ్బ పోయింది. మిగతా గీతలు ఉన్నచోటే ఉన్నాయి, ఏ పాత పేరుకూ చెందకుండా. ఫోను తెరవైపు తిప్పి చూపించాను. మేడమ్ ఏదో గట్టిగా అంటున్నారు గానీ మ్యూట్‌లో ఉన్నారు. రెండు చేతులూ మాత్రం చప్పట్లు కొడుతున్నాయి.